తడి మీద మూత

తలుపు తెరవగానే ఆయన లోపలికి అడుగుపెట్టడు. గడప ఇవతలే నిలబడి, కళ్ళు మూసుకొని, నిండుగా ఒక్కసారి గాలి పీలుస్తాడు. ఇంటివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. నీళ్ళు తోడడానికి రమ్మంటే ఈయన ధ్యానంలోకి వెళ్ళాడేమిటని. ఆయన మెల్లగా కళ్ళు తెరిచి వేలు చూపిస్తాడు.

"ఆ బీరువా వెనకాల. నేల నుంచి జానెడు ఎత్తులో."

బీరువా జరిపితే సరిగ్గా అక్కడే, జానెడు ఎత్తులో, నువ్వులు చల్లినట్టు నల్లగా బూజు. అందుకే ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు.

పైపు పగిలినా, మిద్దె మీది ట్యాంకు పొర్లినా, వాషింగ్ మిషన్ గొట్టం ఊడిపోయినా, వానకి వీధి నీళ్ళు ఇంట్లోకి వచ్చినా వాళ్ళకి ఫోన్ వస్తుంది. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. ఒక షెడ్డు, ఒక వ్యాను, నీళ్ళు పీల్చే మిషన్ ఒకటి, గాలిలో తేమ లాగేవి రెండు, తిరగడం మొదలుపెడితే చెవులు చిల్లులు పడేలా మోగే ఫ్యాన్లు ఆరు. నీళ్ళు తోడటం ఎవరైనా చేస్తారు. గోడలో, చెక్కలో, పరుపులో కనపడకుండా దాక్కున్న తడిని బయటికి రప్పించడం, అక్కడ మళ్ళీ బూజు పుట్టకుండా చూడటం, అదీ పని. ఇరవై ఆరేళ్ళుగా మేస్త్రి ఆ పనిలోనే ఉన్నాడు.

"మేస్త్రికి జలుబు చేస్తే మన కంపెనీకి సెలవే" అంటాడు వ్యాను డ్రైవరు.

డ్రైవరుకి తెలియదు. పది నెలలుగా ఆ ముక్కు పనిచేయడం లేదు. డాక్టరు కాక ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మేస్త్రి, రెండోది ఆయనతో పాటు పనిలోకి వచ్చే కూతురు. ఆ ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మేస్త్రి ఏ ఇంటికి వెళ్ళినా ఒకే పాఠం చెప్తాడు. "తడి మీద మూత పెట్టకండి. పెట్టారా, రెండు రోజులు చాలు. బూజుకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. కాస్త తడి, కాస్త చీకటి, కదలని గాలి. ఇక తిండంటారా, మీరు ముద్దుగా దాచుకున్నది ఏదైనా దానికి భోజనమే." తర్వాత సామానంతా మూడు కుప్పలు చేసి రిబ్బన్లు కట్టిస్తాడు. ఉంచేదానికి ఆకుపచ్చ, శుభ్రం చేసి చూసేదానికి పసుపు, పారేసేదానికి ఎరుపు. ఎరుపు కట్టేటప్పుడు ఇంటివాళ్ళ కళ్ళలోకి చూడడు. చూస్తే చెయ్యి ఆగిపోతుందని ఆయనకు మొదటి ఏడాదిలోనే తెలిసింది.

ఆయన పెళ్ళి కూడా ఈ పాఠం వల్లే జరిగింది. ఆయనకి భార్య కాబోయే ఆమెకి అప్పట్లో చిన్న కుట్టుషాపు ఉండేది. పై అంతస్తులో కొళాయి కట్టేయడం మరిచిపోతే నీళ్ళన్నీ కిందికి దిగి బట్టల తానులు తడిసిపోయాయి. మేస్త్రి వెళ్ళేసరికి ఆమె తానులన్నిటినీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టేసి, వాటి మధ్య కూర్చొని ఉంది.

"విప్పేయండి" అన్నాడు.

"మీరెవరండీ వచ్చీ రాగానే విప్పేయమనడానికి?" అంది ఆమె.

విప్పించాడు. షాపంతా తాళ్ళు కట్టి తానులు ఆరేసి, మూడు రోజులు ఫ్యాన్లు తిప్పాడు. ఆ రంగురంగుల బట్టల మధ్య ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. డ్రైవరు మాత్రం ఇప్పటికీ చెప్తాడు. "బట్టలన్నీ ఆరాయి గానీ మన మేస్త్రి మునిగిపోయాడు."

పెళ్ళయ్యాక ఆమె ఆయన్ని ఆట పట్టించడం మానలేదు. "ఊరందరి ఇళ్ళలో బూజు కనిపెడతారు. మీ ముక్కు మీదున్న కళ్ళజోడు మాత్రం ఇల్లంతా వెతుకుతారు" అనేది. ఆయన ఇంటికి రాగానే గడప దగ్గర ఆగి గాలి పీల్చేవాడు. పాత అలవాటు. ఆమె లోపలి నుంచి అరిచేది, "ఏం దొరికింది మేస్త్రిగారూ?" "కుట్టు మిషన్ నూనె. సుద్దముక్క. గంజి. ఇంకా..." అని ఆగేవాడు. ఆ నాలుగోదానికి ఆయన దగ్గర పేరు లేదు. అది ఆమె వాసన. అంతే.

పద్నాలుగు నెలల కిందట, ఒక ఆదివారం, ఆమె తలస్నానం చేసి, తడి జుట్టు విరబోసుకొని, భుజాల మీద బూడిదరంగు నూలు శాలువా కప్పుకొని కిటికీ పక్కన కూర్చుంది. ఆయన పని చొక్కాకి గుండీ కుడుతోంది. "ఇదిగో, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచింది. ఆయన ఫోన్లో ఎవరికో వాల్వు ఎక్కడ కట్టేయాలో చెప్తున్నాడు. "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు. ఎడమ వైపు తిప్పండి, కాదండీ, మీ ఎడమ వైపు, అని చెప్పి ఫోన్ పెట్టేసి వచ్చేసరికి ఆమె తల కిటికీ చువ్వలకి ఆనుకొని ఉంది. సూది చొక్కాలోనే ఉంది. ఆసుపత్రికి చేరకముందే అయిపోయిందన్నారు.

సాయంత్రం ఆమె లేకుండా ఇంటికి వచ్చాడు. ఎత్తుకొని పరిగెత్తేటప్పుడు జారిపోయిన శాలువా కుర్చీలోనే పడి ఉంది. తీసి ముఖానికి ఆనించుకున్నాడు. నూనె, సుద్ద, గంజి, ఆ పేరులేనిది, అన్నీ ఉన్నాయి. వాటితో పాటు అరచేతికి చల్లగా తగిలింది. జుట్టు ఆనిన చోట శాలువా ఇంకా తడిగానే ఉంది.

ఆ చేతికి తెలుసు. పాతికేళ్ళుగా గోడల మీద తడిని వెతికిన చెయ్యి అది. తాడు మీద ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. కానీ ఆరేది తడి ఒక్కటే కాదు, సగం వాసన గాలికి పోతుంది. అదీ తెలుసు. శాలువా పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. 'ఈ తడి కూడా ఆమెదే కదా' అనుకున్నాడు.

వ్యానులో నుంచి మందపాటి తెల్ల కవరు తెచ్చాడు. సామాను భద్రం చేయడానికి వాడే గాలి చొరబడని కవరు. శాలువా మడిచి లోపల పెట్టి, గాలంతా నొక్కేసి, మూతి మీది జిప్పు గీతని వేలితో రెండుసార్లు రాసి మూసేశాడు. బీరువా పై అరలో పెట్టాడు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచిన ప్రతిసారీ కొంత పోతుంది. ఇక తట్టుకోలేను అనిపించిన రోజున తెరుద్దామనుకున్నాడు. అలాంటి రోజులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతిసారీ పై అర దాకా చెయ్యి పోయి, కవరు అంచు తాకి, వెనక్కి వచ్చేసేది. అది అక్కడ ఉంది, ఆమె ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఆ ధైర్యంతోనే పనికి వెళ్ళేవాడు.

కూతురు ఆఫీసు ఉద్యోగం మానేసి ఆయనతో పాటు వ్యాను ఎక్కింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా అమ్మడూ?" అని అరిచాడు. "పట్టింది. నువ్వు మధ్యాహ్నం తిన్నావో లేదో చూసే పిచ్చి" అంది. ఆమెని ఇంట్లో అమ్మడు అంటారు. పనిలో కూడా అదే పేరు నిలిచిపోయింది.

నాలుగు నెలలు గడిచాయి. మేస్త్రికి జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం మీదే ఉన్నాడు. లేచాక టీ డబ్బా మూత తీస్తే ఖాళీ డబ్బా తీసినట్టుంది. సబ్బు నురగలో ఏమీ లేదు. ఫినాయిల్ సీసా ముక్కు కింద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ వాసన రాలేదు.

డాక్టరు పరీక్ష చేసి, "నరం దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. "రోజూ పొద్దున్నే నిమ్మకాయ, లవంగం, ఇలాంటివి వాసన చూస్తూ ఉండండి. మీకు బాగా తెలిసినది, మనసుకి దగ్గరది ఏదైనా ఉంటే మరీ మంచిది. అలాంటిదేమైనా ఉందా?"

"ఉంది" అన్నాడు మేస్త్రి. "కానీ అది తెరిచేది కాదు."

రోజూ నిమ్మకాయ పట్టుకొని కూర్చునేవాడు. కళ్ళు మాత్రం బీరువా వైపే ఉండేవి. తెరిస్తే, ముక్కు పనిచేయకపోతే, ఉన్న కాస్త వాసనా గాలిపాలు. తెరవకపోతే ముక్కు ఎప్పటికీ తిరిగి రాదేమో. ఆ రెండిటి మధ్యా నెలలు జరిగిపోయాయి.

జ్వరం తగ్గాక వెళ్ళిన మొదటి ఇంట్లో మెట్ల కింద ఒక గది. గడప దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాడు. గాలి వచ్చింది, పోయింది. అందులో ఏమీ లేదు. వెనక డ్రైవరు, పక్కన ఇంటివాళ్ళు ఎదురు చూస్తున్నారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అమ్మడు తడి కొలిచే మీటరు సంచీ పట్టుకొని నిలబడి ఉంది. ఆమె ముక్కు ముడుచుకుంది. ముఖం కొంచెం ఎడమకి తిరిగింది.

"ఆ చెప్పుల స్టాండు వెనక" అన్నాడు మేస్త్రి.

స్టాండు జరిపారు. ఉంది.

"అబ్బ, ఏం ముక్కండీ బాబూ! ఇన్సూరెన్స్ చేయించాల్సింది కాళ్ళూ చేతులకి కాదు" అన్నాడు డ్రైవరు.

ఆ రోజు నుంచి అమ్మడు ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉండి, తండ్రికి కనపడేలా నిలబడేది. చిన్నపిల్లలకి కథ చెప్పేవాళ్ళలా ముక్కు కాస్త ఎక్కువగానే ముడిచేది. ఆమెకి తెలుసని ఆయనకి అర్థమైంది. ఆయనకి అర్థమైందని ఆమెకీ తెలుసు. పది నెలలు ఆయన ఆ ముఖం చూసే ఇళ్ళు చదివాడు.

మొన్న గురువారం ఒక రిటైరైన టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. ఒంటరి మనిషి. పది రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి వంటగదిలో సింకు కింద పైపు కారి, నీళ్ళు గది దాటి మంచం కిందికి చేరాయి.

"నలభై ఏళ్ళు పిల్లల చెవులు పిండాను నాయనా, ఒక్క పైపు నట్టు పిండలేకపోయాను" అని తనే నవ్వి, తనే కళ్ళు తుడుచుకుంది.

సింకు కింది చెక్క ఉబ్బి అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. మేస్త్రి గోడలోకి మీటరు సూదులు గుచ్చి చూశాడు. అమ్మడు గోడ మీద సుద్దతో అంకెలు రాసుకుంటూ వెళ్ళింది. డ్రైవరు ఫ్యాన్లు దించాడు. అంతా మామూలుగానే సాగుతోంది. అప్పుడు టీచరమ్మ గది మూలలో నుంచి ఒక మూట తెచ్చింది. నీలం ప్లాస్టిక్ షీటు చుట్టి, నలువైపులా టేపు అంటించిన మూట.

"మా అమ్మ కుట్టిన బొంత. అంచు కొంచెం తడిసింది. ఇంకా తడవకుండా వెంటనే చుట్టేశాను" అంది, మంచి పని చేశానన్నట్టు.

మేస్త్రి టేపు కోశాడు. షీటు తెరుచుకోగానే అమ్మడు తల వెనక్కి వేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ "అయ్యో" అంటూ వెనక్కి జరిగింది. మేస్త్రికి ఏమీ తెలియలేదు. బొంత అంచు పొడుగునా ఆకుపచ్చగా, బూడిదగా, మెత్తగా పరుచుకున్నది మాత్రం కనిపించింది.

"ఎన్నాళ్ళయిందమ్మా కట్టి?"

"నాలుగు రోజులు. నీళ్ళు నేనే ఎత్తిపోసుకుందామని చూశాను."

"తడి మీద మూత పెట్టకూడదమ్మా. రెండు రోజులు చాలు, కాస్త తడి, కాస్త చీకటి..."

అక్కడితో ఆగిపోయాడు. ఎన్ని వందల ఇళ్ళలో చెప్పిన మాటో, ఇవాళ తన చెవినే పడింది. రెండు రోజులు. తన బీరువాలో పద్నాలుగు నెలలు. తెలియని సంగతి కాదు. తెలిసే అటువైపు తల తిప్పలేదు, అంతే. అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది నాయనా? మంచినీళ్ళు ఇవ్వనా?" అంది టీచరమ్మ.

"నీళ్ళకేం తక్కువండీ ఈ ఇంట్లో" అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వకపోయేసరికి ఫ్యాను తీగ సరిచేస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

మిగిలిన పని అమ్మడే చేసింది. బొంతకి పసుపు రిబ్బన్ కట్టింది. శుక్రవారం, శనివారం మేస్త్రి బీరువా వైపు చూడలేదు. నిమ్మకాయ కూడా ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున్న కవరు దించి, ఆమె కుట్టు మిషన్ బల్ల మీద పెట్టాడు. "అమ్మడూ, ఇటు రా."

అమ్మడు వచ్చి చూసి గుమ్మంలోనే ఆగింది. అదేమిటో ఆమెకి తెలుసు. "ఇప్పుడొద్దు నాన్నా. ముక్కు బాగయ్యాక తెరుద్దాం."

అనేశాక నాలుక కరుచుకుంది. పది నెలల్లో ఆ మాట బయటికి రావడం అదే మొదలు.

"మెట్ల కింద గది దగ్గరే కదా నీకు తెలిసింది?"

"అంతకు ముందే. నేను మాడగొట్టిన కూర బాగుందని తిన్నావు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నా కోసం కాదు" అన్నాడు మేస్త్రి. "నీ ముక్కుతో చూడు. అమ్మ ఉందో లేదో చెప్పు. ఉంటే వెంటనే మూసేద్దాం."

కవరు నాలుగు వేళ్ళ మేర తెరిచి ఆమె ముఖం దగ్గర పట్టుకున్నాడు. అమ్మడు వంగింది. ఆయన ఆమె ముఖమే చూస్తున్నాడు. ఊపిరి లోపలికి వెళ్ళడం చూశాడు. ముక్కు ముడుచుకోలేదు. కనుబొమ కదల్లేదు. పొరుగింటి పోపుకి కూడా పలికే ముఖం అది, ఇప్పుడు రాయిలా ఉంది. తర్వాత మెల్లగా నవ్వింది.

"అమ్మ వాసనే నాన్నా. అలాగే ఉంది. మూసెయ్, పోతుంది."

బొటనవేలు కవరు గీత మీదే ఉంది. రాసేస్తే చాలు. మూసుకుపోతుంది. మళ్ళీ పై అరలో పెట్టుకోవచ్చు. రేపు పనికి వెళ్ళొచ్చు. కూతురు ఆ ధైర్యం ఇవ్వాలనే చూస్తోంది. ఆయన వేలు కొంచెం కదిలింది కూడా.

"అమ్మడూ, నాన్నలా కాదు, మేస్త్రిలా అడుగుతున్నాను. చెప్పు."

"ముక్కిన వాసన" అంది. "అదొక్కటే."

"అడుగున ఎక్కడైనా, కాస్తయినా..."

"లేదు నాన్నా. వెతికాను."

ఆయన కవరు పూర్తిగా తెరిచి శాలువా బల్ల మీద పరిచాడు. రెండు భుజాల మేర వెడల్పుగా మొదలై, కిందికి సన్నబడుతూ, చివర్లో పాయలు పాయలుగా విడిపోయి నల్లటి బూజు. తడి ఎంతవరకు ఉందో అంతవరకే పుట్టింది. "అమ్మ జుట్టు" అంది అమ్మడు.

మేస్త్రి వంగి ముఖం అందులో పెట్టేశాడు. లోపలికంటా పీల్చాడు. ఆమె రాలేదు. బూజు వాసన అయినా వస్తే బాగుండునని మళ్ళీ పీల్చాడు. అదీ రాలేదు.

"నాన్నా, మాస్కు! ఊరందరికీ చెప్తావు" అంటూ అమ్మడు ఆయన్ని భుజాలు పట్టి వెనక్కి లాగింది. లాగి, అలాగే పట్టుకొని ఏడ్చింది. ఆయన ముక్కు కొస మీద నల్లటి పొడి అంటుకొని ఉంది. కొంగుతో తుడిచింది.

"ఆరేయకుండా కట్టేశాను" అన్నాడు ఆయన. "చేతికి తడి తెలిసింది అమ్మడూ. తెలిసే కట్టాను. ఆ రోజు పిలిస్తే వెళ్ళలేదు. ఇదైనా దాచుకుందామనుకున్నాను."

కాసేపటికి లేచారు. మిద్దె మీదికి వెళ్ళి మాస్కులు పెట్టుకున్నారు. ఆయన మెత్తటి బ్రష్షుతో పొడి బూజు ఒక వైపుకే దులిపాడు. గోరువెచ్చని నీళ్ళలో రెండుసార్లు ఉతికాడు. వేరే ఇంట్లో అయితే ఎలా చేస్తాడో అలాగే, ఏ మడతా వదలకుండా. అమ్మడు సంచీలో నుంచి రిబ్బన్లు తీసి, ఏది కట్టాలో తెలియక మూడూ చేతిలోనే పట్టుకుంది.

"బట్ట దక్కుతుంది" అన్నాడు ఆయన. "మరక ఉండిపోతుంది."

తాడు మీద ఆరేశాడు. నల్లదనం పోయింది. బూడిదరంగు మీద ఇంకాస్త ముదురు బూడిదరంగులో ఆ పాయలు మాత్రం నిలిచాయి. గాలికి శాలువా ఊగుతుంటే మేస్త్రి పక్కనే కూర్చున్నాడు. ఎండ పక్కకి జరిగితే లేచి తాడు సరిచేశాడు. అమ్మడు అన్నం కలిపి తెచ్చి పెడితే తిన్నాడు.

ఎండ వాలేవేళకి అమ్మడు అడిగింది. "ఆరిందా నాన్నా?"

ఆయన లేచి భుజాల దగ్గర, ఆ ముదురు మరక మీద, అరచెయ్యి పెట్టాడు. ఎక్కడా చల్లగా తగల్లేదు.

"ఆరిపోయింది."

"పూర్తిగానా?"

ఆయన చెయ్యి తీయలేదు. "పూర్తిగానే" అన్నాడు.